సైరన్ మోగే వేళకు నేను ఇంట్లో లేను

చాలా ఏళ్లుగా మోస్తున్నాను దీన్ని. ఇక నా వల్ల కావడం లేదు. మా చర్చి సంఘంలో నన్ను చూసి నేర్చుకోమంటారు. చూపు లేని అత్తను ఇంట్లో పెట్టుకుని కూడా ఉపవాస ప్రార్థన మానలేదట, ఆ అత్తే పొమ్మని పంపిందట, దేవునికి మొదటి చోటు ఇచ్చానట. వచ్చే శుక్రవారం అదే సాక్ష్యం కొత్త ఆడవాళ్లకు చెప్పమన్నారు. ఏమని చెప్పను? ముందు మీకు చెప్తాను.

మాది గోదావరిఖనిలో గని క్వార్టర్. మధ్యాహ్నం ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగ్ చేస్తే గోడలు అదిరేవి. దానికి ముందు మోగే సైరన్ వినగానే అత్తమ్మ భయపడి లేవబోయేది. కాళ్లలో సత్తువ లేదు. నేను పరుగున వెళ్లి చెయ్యి పట్టుకోవాలి. రోజూ అంతే. ఎత్తడం, తుడవడం, గుడ్డలు ఉతకడం, వాటి మీద బొగ్గు దుమ్ము పడితే మళ్లీ ఉతకడం. విసిగిపోయాను. దేవుని మీద ప్రేమతో కాదు, ఆ ఇంట్లోంచి కాసేపు బయటపడాలని ప్రార్థనకు పోయేదాన్ని; ఆ సంగతి నాకు అప్పుడే తెలుసు, తెలిసే బైబిలు చంకలో పెట్టుకునేదాన్ని.

ఒక శుక్రవారం ప్రార్థనకు పోకుండా ఇంట్లో ఉండమని అడిగింది అత్తమ్మ. వినలేదు. మా ఆయన డ్యూటీలో ఉన్నాడు. పక్కింటి అక్కను పిలిస్తే వచ్చి కూర్చునేది, మళ్లీ పోతున్నావా అంటుందని పిలవలేదు. బయట గొళ్లెం పెట్టి వెళ్లాను.

అక్కడ ఏం చేశాను? ఫ్యాన్ కింద గోడకు ఆనుకుని నిద్రపోయాను. మౌనంగా ప్రార్థిస్తున్నాననుకున్నారు అందరూ. బ్లాస్టింగ్ చప్పుడుకు కళ్లు తెరిచాను. మళ్లీ మూసుకున్నాను.

వచ్చేసరికి అత్తమ్మ నేల మీద పడి ఉంది. తుంటి విరిగింది. నా కొంగు తడిమి పట్టుకుంది.

"ప్రార్థన అయ్యిందా బిడ్డా?"

"అయ్యింది అత్తమ్మా."

"నా కోసం గూడ మొక్కినవా?"

"మొక్కిన."

"మంచిగ చేసినవ్. నా కొడుకు అడిగితె నేనే నిన్ను పొమ్మన్ననని చెప్త. నువ్వు ఫికర్ చెయ్యకు."

దవాఖానలో అలాగే చెప్పింది. మళ్లీ లేవలేదు. వానలు పడకముందే పోయింది. ఆమె చెప్పిన అబద్ధమే ఇప్పుడు సంఘంలో నా సాక్ష్యం.

దేవుణ్ణి మొదట పెట్టి ఉంటే ఆ మధ్యాహ్నం నేనెక్కడ ఉండేదాన్ని? ఆమె చెయ్యి పట్టుకుని, ఆ మంచం పక్కనే కదా?

క్షమించమని అడగడం లేదు. అడగాల్సిన మనిషి లేదు. అత్తమ్మ కోసం ఆ రోజు నేను ప్రార్థించలేదు. ఈ ఒక్క మాట బయటికి వచ్చాక కాస్త ఊపిరాడుతోంది.