మా బావమరిది పరమార్థం

మా బావమరిదికి నలభై దాటాక జీవితానికి పరమార్థం కావాల్సి వచ్చింది. అంతకుముందు ఏడాది కారు కావాల్సి వస్తే వారంలో దొరికింది. ఇది అంత తొందరగా దొరకలేదు.

అతను ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో ఓ సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టర్. ఇతరులు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు వెతకడం, సరిచేశామని వాళ్లంటే నమ్మకుండా మళ్లీ చూడడం అతని పని.

"నా చేతులతోని ఒక్కటి తయారు చేసింది లేదు బావా. మంది తప్పులు ఏరుకుంట బతుకుతున్న" అన్నాడు ఓ ఆదివారం, పుప్పాలగూడలో మా ఫ్లాట్ బాల్కనీలో కూర్చుని. "పరమార్థం దొరికిన నాడు రాజీనామా ఇచ్చేస్త."

పత్రికాఫీసు డెస్కు మీద నేను జీవితమంతా చేసిందీ అదే గనుక, నొచ్చుకోవాలో వద్దో తేల్చుకోలేకపోయాను.

అతని భార్యది తెనాలి. ఆ సాయంత్రమే ఫోన్ చేసింది. "అన్నయ్య గారూ, మీ మాటైతే వింటారండి. పిల్ల తొమ్మిదిలో ఉంది, ఇంటికి ఒక్క జీతమే. ఆ పరమార్థమేదో రిటైరయ్యాక వెతుక్కోకూడదాండి?"

నేను రిటైరై చాలా కాలమైంది, నాకే ఇంకా దొరకలేదని ఆమెతో అనలేదు.

అదృష్టం ఏమిటంటే, పరీక్షించనిదే అతను దేన్నీ ఒప్పుకోడు. సెలవు రోజుల్లో ఒక్కో పరమార్థాన్నీ పరీక్షకు పెట్టాడు. మొదటిది ఓ స్నేహితుడి సేంద్రియ తోట. పొద్దున వెళ్లి, డ్రిప్పు పైపుల లోపాలన్నీ అప్పజెప్పి మధ్యాహ్నానికి తిరిగొచ్చాడు. స్నేహితుడు మళ్లీ పిలవలేదు. తర్వాత బస్తీ పిల్లలకు లెక్కలు చెప్పే బృందంలో చేరాడు. పాఠం మొదలుపెట్టకముందే వాళ్ల పుస్తకంలో తప్పులు పట్టాడు. అవసరమైతే ఫోన్ చేస్తామని వాళ్లు మర్యాదగా చెప్పారు.

మూడోది మా అపార్ట్‌మెంట్ వెనక కుంట. ఆదివారం పొద్దున్నే చుట్టుపక్కల వాళ్లం దిగి ప్లాస్టిక్ ఏరతాం. చివర్లో ఇడ్లీలు పెడతారు కాబట్టి నేను తప్పకుండా వెళ్తాను. బావమరిది కూడా వచ్చాడు. చేతులకు తొడుగులు వేసుకుని గట్టు మీద నిలబడ్డాడు గానీ వంగలేదు.

"పోయిన వారం గిదే జాగల ఏరిన్రు కదా?" అన్నాడు.

"ప్రతి వారం ఏరుతం" అంది మా అందరినీ నడిపించే పెద్దావిడ. ఆమె పుప్పాలగూడలోనే పుట్టి పెరిగింది.

"అంటే పని కానట్టే. చెత్త ఆ మురుగు నాలాకెళ్లి కొట్టుకొస్తుంటే ఎన్ని దినాలు ఏరుతరు? దాని మూతికి ఇనుప జాలీ పెట్టాలె."

"మాకెరుకనే బిడ్డా. మున్సిపాలిటోళ్లకు చెప్పొచ్చినం. అయితది పొండి అన్నరు."

"అయితదంటే నమ్మి వచ్చిన్రా?"

"నమ్మక ఏం చేస్తం? నీ లెక్క ఎంటపడి పరేషాన్ చేసెటోడు మాకు లేకపాయె. వంగుడైతే నీతోని అయితలేదు. గా పనన్న జెయ్యి."

అందరూ నవ్వారు. అతను నవ్వలేదు. సోమవారం ఆఫీసుకు వెళ్తూ మున్సిపాలిటీలో ఫిర్యాదు ఇచ్చాడు. కొన్నాళ్లకు పని పూర్తయిందని ఫోన్‌కు సందేశం వచ్చింది. మరొకరైతే సంతోషించి ఊరుకునేవారు. "పూర్తయింది" అన్న మాట దగ్గరే అతని ఉద్యోగం మొదలవుతుంది. వెళ్లి చూస్తే జాలీ సగం మూతికే ఉంది. ఫొటో తీసి మళ్లీ ఫిర్యాదు చేశాడు. వాళ్లు మిగతా సగం బిగించారు. అతను వాన వెలిశాక పోయి, దాని కింద ఖాళీ ఉందని పట్టుకున్నాడు. ఇప్పుడు పక్క కాలనీ వాళ్లు కూడా తమ నాలా చూసి పొమ్మని అతన్ని పిలుస్తున్నారు.

వర్షాలు ముదిరాక అతని భార్య మళ్లీ ఫోన్ చేసింది. "రాజీనామా మాటే ఎత్తడం లేదండి. అడగాలంటే భయంగా ఉంది."

నేనే అడిగాను.

"ఇప్పుడెట్ల ఇస్త బావా? ఆఫీసుకు పోతుంటే నాలా దారిల పడుతది, రోజు చూసుకుంట పోతున్న. ముందు గిది కానియ్యి" అన్నాడు.

ఆ మాటే ఆమెకు చేరవేశాను. ఒకప్పుడు పట్టణ వార్తలు దిద్దినవాణ్ణి గనుక కొంత అనుభవంతోనే చెప్పాను: "నాలా పని కదమ్మా, పాప ఇంజినీరింగ్ పూర్తయ్యేదాకా నీకు ఫికర్ లేదు."

"అయితే ఆయనకు పరమార్థం దొరికినట్టేనాండి?"

"దొరికినట్టే ఉంది. ఆ సంగతి మాత్రం వాడితో అనకు. అందులోనూ తప్పులు వెతుకుతాడు."