అమ్మ ఇచ్చిన డబ్బా

సాయంత్రం సందులో అడుగుల చప్పుడు వినగానే పెరటి తలుపు దగ్గర వేణ్ణీళ్ళు, సబ్బు పెట్టడం నా పని. అక్క పని నుంచి వస్తే ముందు గుమ్మంలోంచి లోపలికి వచ్చేది కాదు. పక్క సందులోంచి పెరట్లోకి వచ్చి, మోచేతుల దాకా సబ్బు రుద్దుకుని, "ఊఁ, నీళ్ళు పొయ్యి" అనేది. నేను చెంబుతో పోసేదాన్ని. ఇప్పుడు ఆ వేళకు పొయ్యి మీద టీ నీళ్ళు మాత్రమే పెడుతున్నాను.

అక్క ఆసుపత్రి ల్యాబులో పనిచేసేది. రక్తం చూసేవాళ్ళు వేరే ఉన్నారు. అక్కది మలం పరీక్ష. జనం తెచ్చిన డబ్బాలోంచి పుల్లతో గోరంత తీసి, గాజు పలక మీద ఉప్పునీటి చుక్కలో కలిపి, పైన పల్చటి గాజుబిళ్ళ మూసి, మైక్రోస్కోపులో నట్టల, అంటే కడుపులో పురుగుల, గుడ్ల కోసం వెతికేది. ఏలికపాము గుడ్డు గుండ్రంగా, పైన గరుకుగా ఉంటుందట. కొంకిపురుగుది పల్చటి పెంకుతో గాజుపూసలా ఉంటుందట. "చూడ్డానికి ఎంత ముచ్చటగా ఉంటాయో!" అని అన్నం తింటూ చెప్పేది. మా ఆయన కంచం పట్టుకుని వరండాలోకి లేచి వెళ్ళేవాడు.

"వదినా, నీకు దణ్ణం పెడతా. ఈ నాలుగు ముద్దలూ మింగనీ."

"మింగు మరిదీ, మింగు. ఎంత మింగినా చివరికి నా దగ్గరికి రావాల్సిందే."

వీధిలో ఆమెను పురుగులక్క అనేవాళ్ళు. తనకు తెలియదనుకునేవాళ్ళు గానీ తెలుసు. ఎవరెవరు ఏ డబ్బాలో తెచ్చారో ఇంటికొచ్చి చెప్పేది, పేర్లు మాత్రం చెప్పేది కాదు. ఒకసారి ఒకాయన నిండు టిఫిన్ క్యారియర్ తెచ్చి బల్ల మీద పెట్టాడట. "ఇంత దేనికయ్యా?" అంటే, "మా ఇంటిల్లిపాదిదీ ఉందమ్మా. ఒక్కొక్క గిన్నె ఒక్కొక్కరిది" అన్నాడట.

అమ్మకు ఈ ఉద్యోగం గిట్టేది కాదు. ఎవరైనా అడిగితే ఆసుపత్రిలో పని అని చెప్పి మాట మార్చేసేది. అక్క కత్తిపీట ముందు కూర్చుంటే చాలు, "ఆ చేతులతో కూరగాయలు ముట్టుకోకే" అని గుంజుకునేది.

"నీ చేతులకన్నా ఇవే శుభ్రం. నీవి దూడ పేడలోంచి తిన్నగా పిండిలోకి వస్తాయి."

పెరట్లో మాకు ఒక ఆవు, దాని దూడ ఉన్నాయి. అమ్మకు అవే లోకం. తెల్లవారి లేస్తే వట్టికాళ్ళతో ఆ బురదలోనే తిరిగేది.

పోయిన వానాకాలం అమ్మ పాలిపోయింది. పాల చెంబు పట్టుకుని మెట్లెక్కుతూ మధ్యలో ఆగి ఊపిరి తీసుకునేది. వయసు అనేది. టానిక్కు తాగేది. అక్క ఆమె కింది కనురెప్ప లాగి నాకు చూపించింది. లోపల ఎరుపన్నది లేదు, కాగితంలా ఉంది. పరీక్షకు ఇమ్మని అక్క అడిగింది.

"ఛీ! కన్నకూతురికి అది డబ్బాలో పెట్టి ఇచ్చే గతి నాకేం పట్టలేదు."

అక్క ఖాళీ డబ్బా తెచ్చి స్నానాలగది గట్టు మీద పెట్టింది. అమ్మ దాన్ని కడిగి, ఊడిన బొత్తాలు పోసుకుంది. అక్క ఇంకొకటి తెచ్చింది. దాంట్లో సూదులు, దారం చేరాయి.

ఒకరోజు పాలు పితుకుతూ అమ్మ అలాగే పక్కకు ఒరిగిపోయింది. నేనూ మా ఆయనా లోపలికి మోసుకొచ్చాం. అక్క అరవలేదు. "నువ్వు ఇచ్చేదాకా నేను డ్యూటీకి పోను" అని మంచం పక్కన కూర్చుంది. మర్నాడు పొద్దున్నే గట్టు మీద డబ్బా ఉంది. కాగితం చుట్టి, పైన దారం కట్టి ఉంది. అక్క దాన్ని పండగ సరుకులా చంకన పెట్టుకుని వెళ్ళింది.

సాయంత్రం నేను నీళ్ళు పోస్తుంటే అక్క భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందనుకున్నాను. తల ఎత్తితే, నవ్వు.

"అమ్మా, నీ పరీక్ష అయింది."

"ఏం ఉందట?"

"మూత తీస్తేనే అనుమానం వచ్చింది. చూస్తే అంతా గడ్డిపీచు. గుడ్లు నాలుగు పలకలుగా ఉన్నాయి. మనుషుల్లో అలాంటివి నేనెక్కడా చూడలేదు. పశువుల డాక్టరుకు చూపిస్తే దూడకు బద్దెపురుగులున్నాయి, మందు పట్టించమన్నాడు. ఇదిగో సీసా. నీకు పొయ్యనా, దూడకు పొయ్యనా?"

అమ్మ "దూడకే పొయ్యి" అని, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. నవ్వుకే ఆయాసం వచ్చి మెట్టు మీద కూలబడింది. అక్క వీపు రాసింది.

"నా బిడ్డ నాది చూడ్డమేంటే? సిగ్గుగా ఉంటుంది."

"చిన్నప్పుడు నా గుడ్డలు నువ్వు ఉతకలేదా?"

"అది వేరు."

"ఏం వేరు? నాకు కనపడేది నువ్వు కాదమ్మా, గుడ్లు."

మర్నాడు అసలు డబ్బా వచ్చింది. అందులో రక్తం పీల్చే కొంకిపురుగు గుడ్లున్నాయి, పలక ఎటు జరిపినా అవే. ఆ పూట అన్నం దగ్గర అక్క వాటి ముచ్చట ఎత్తలేదు.

పురుగులకు మాత్ర, రక్తానికి ఇంకో మాత్ర. అమ్మ బుద్ధిగా మింగింది. నెమ్మదిగా ముఖానికి రంగు తిరిగింది. తడిమట్టిలో వాటి పిల్లలుంటాయని, అరికాలి చర్మంలోంచి లోపలికి దూరతాయని చెప్పి అక్క రబ్బరు చెప్పులు కొనుక్కొచ్చింది. అక్కడ మాత్రం అమ్మ మొండికేసింది.

"నా పెరట్లో నేను చెప్పులేసుకుని తిరగాలా? ఆవు నవ్వుతుంది."

"మందుతో పోతాయి, మట్టిలో నడిస్తే మళ్ళీ వస్తాయి. మళ్ళీ మళ్ళీ నేనే చూడాలా?"

"చూడు. జీతం ఇస్తున్నారుగా."

చెప్పులు కవరులోనే అటక ఎక్కాయి. అక్క అడగడం, అమ్మ విననట్టు పేడ ఎత్తడం, చలికాలమంతా ఇదే వరస.

ఎండలు ముదరకముందే అక్క పోయింది. ల్యాబులో స్టూలు మీద కూర్చుని, తల నొప్పిగా ఉందని పక్కామెతో అన్నదట. ఆ మాట పూర్తిగా అననే లేదట. మెదడులో నరం చిట్లిందన్నారు. పురుగులక్క అన్నవాళ్ళందరూ వచ్చారు. అమ్మ అందరికీ కుర్చీలు వేసింది. ఏడవలేదు. వేళకు లేచి పాలు పితికింది.

మళ్ళీ వానలు మొదలయ్యాయి. నిన్న పొద్దున వంటింట్లోకి వస్తే గచ్చు నిండా బురద మరకలు. రాత్రి పడుకోబోయే ముందు తుడిచిన గచ్చు అది. పెరటి తలుపు నుంచి పొయ్యి దాకా, పొయ్యి దగ్గర్నుంచి నీళ్ళ బిందె దాకా, మళ్ళీ తలుపు దాకా. వేళ్ళ గుర్తులు లేవు. అడ్డగీతలున్నాయి, రబ్బరు అట్ట గీతలు.

తలుపు దగ్గరికి వెళ్ళి చూశాను. అమ్మ ఆవు పొదుగు దగ్గర కూర్చుని ఉంది. కాళ్ళకు అటక మీది చెప్పులున్నాయి. రబ్బరు పట్టీలు కొత్తవి కావడంతో పాదం మీద ఒరుసుకుని ఎర్రగా కందింది. చెప్పులు అలవాటు లేని మనిషి, లోపలికి వచ్చేటప్పుడు విప్పాలని తోచలేదు.

"ఏంటే అలా చూస్తావ్? గచ్చు పాడు చేశానా?"

"తుడుస్తాలే."

బకెట్లో నీళ్ళు పట్టాను. గుడ్డ ముంచి పిండాను. మరకలు అప్పటికే ఆరుతున్నాయి. మా ఆయన టీ కోసం వచ్చి, కింద చూసి, నా ముఖం చూసి, వాటిని తొక్కకుండా గోడ వారగా నడిచి వెళ్ళాడు.

గుడ్డ దండెం మీద ఆరేసి, బకెట్లో నీళ్ళు మొక్కలకు పోశాను. గచ్చు తుడవలేదు.