కాటా మేస్త్రి ఆపేసిన మాత్ర

మా వీధిలో కాటాలు బాగుచేసే మేస్త్రి ఒకడున్నాడు. కాటా ముల్లు చూపించిందే నిజం, మిగతాదంతా వాగుడు అనుకునే రకం. పెళ్లాం నవ్వినా ఎన్ని గ్రాములు నవ్విందో చూసుకుంటాడు.

ఆయన మెడ కింద గడ్డలు లేచాయి. నిమ్మకాయలంత అన్నారు గానీ కొబ్బరికాయలే అనుకోండి. లింఫోమా అట. తెల్లకణాలు చెడిపోయి గడ్డల్లో కాపురం పెట్టే క్యాన్సర్. సూదులూ సెలైన్లూ లేకుండా రోజూ మింగే మాత్ర ఇచ్చారు. మూడు వారాలకి చొక్కా పైగుండీ పట్టింది. ఇంకొకడైతే గంతులేసేవాడు. ఈ మహానుభావుడు ల్యాబు కాగితం బల్లమీద పరిచి భూతద్దం పెట్టాడు. రక్తంలో తెల్లకణాల లెక్క రెండింతలైంది.

"చూశావుటే? మందు పేరుతో రోగాన్ని మేపుతున్నారు!"

"మెడ తడుముకోండి, గడ్డలు కరిగాయిగా," అంది భార్య.

"మెడకి ముల్లుందా? లెక్క అబద్ధమాడదే!"

మాత్ర రాసిచ్చిన డాక్టరమ్మకి ఫోన్ చేయడం ఆయనకి నామోషీ. పాడైన కాటాలకి అంటించే ఎర్రచీటీ మాత్రల డబ్బాకి అంటించి అటకెక్కించాడు. పన్నెండు రోజులు తిరిగేసరికి గడ్డలు మళ్లీ ఉబ్బి, తల తిప్పలేక బొమ్మలా నిలబడ్డాడు. భార్య రెక్కపట్టుకుని ఆస్పత్రికి లాక్కెళ్లింది.

డాక్టరమ్మ తల పట్టుకుంది. "మేస్త్రిగారూ, 'పెరుగు, ఇక్కడే ఉండు' అని ఆ చెడ్డ కణాలకి లోపల్నుంచి కబుర్లు అందుతుంటాయి. కబురు మోసే ప్రొటీన్‌కి ఈ మాత్ర అతుక్కుని దాని నోరు మూస్తుంది. దాంతో పట్టు తప్పి కణాలు గడ్డల్లోంచి రక్తంలోకి వచ్చిపడతాయి. మొదట్లో లెక్క పెరిగేది అందుకే. ఇల్లు ఖాళీ చేసి జనం వీధిలోకొస్తే ఊళ్లో జనాభా పెరిగిందంటారా?"

"మరి... ఆ తర్వాత?"

"కబురందక మెల్లగా చస్తాయి. మీరు మధ్యలో ఆపి మళ్లీ ఇంట్లోకి పిలిచారు."

"ఇప్పుడు వేసుకుంటే పనిచేస్తుందామ్మా?" అన్నాడు మేస్త్రి మెడ తడుముకుంటూ.

"చాలామందికి చేస్తుంది. మీకు చేస్తుందని మాట మాత్రం ఇవ్వలేను."

ముప్పై ఏళ్లు ఊరందరి కాటాల్నీ తప్పుపట్టాడు. పళ్లెంలో ఏముందో చూడకుండా ముల్లు చదవకూడదన్న ముక్క మాత్రం బుర్రకెక్కలేదు!

"ఇకమీదట ల్యాబు కాగితం నా చేతికివ్వండమ్మా. ఈయనకి మాత్ర, గ్లాసుడు నీళ్లు, అంతే," అంది భార్య.

డాక్టరమ్మ ఇచ్చిన మాత్ర మేస్త్రి అక్కడే మింగాడు. నెల తిరిగేసరికి గడ్డలు మెత్తబడ్డాయి. లెక్క ఎంతకొచ్చిందే అని అడిగితే, "మీకెందుకు, నోరు తెరవండి," అంటుందావిడ. ఆ లెక్క వీధిలో అందరికీ తెలుసు, ఆయనకి తప్ప.