అరుగు మీద ఆఫ్రికా పండు

బావొబాబ్ పండు మీద నాకు కోపం లేదు. ఆఫ్రికాలో లావుపాటి మానులకు కాస్తుందట. పైన గట్టి పెంకు, లోపల చెట్టు మీదే ఎండిపోయే తెల్లని పుల్లటి గుజ్జు. అందులో విటమిన్ సి, పీచు, యాంటీఆక్సిడెంట్లు ఉన్న మాట నిజమేనని అమ్మను చూసే డాక్టరుగారే ఒప్పుకున్నారు. నా కోపమంతా దాన్ని డబ్బాలో పోసి మా అరుగెక్కించిన మా బావ మీద.

అమ్మకు కిడ్నీలు దెబ్బతిన్నాయి. ఒంట్లో పొటాషియం పెరిగితే గుండెకే ముప్పు, అరటిపండు, కొబ్బరినీళ్ళు ముట్టుకోవద్దని డాక్టరుగారు గట్టిగా చెప్పారు. ద్రాక్షారామం పక్కన ఒకప్పుడు తాతగారి కొబ్బరితోటలు ఉండేవి. గుమ్మంలోకి వచ్చిన మనిషిని బొండాం ఇవ్వకుండా పంపింది లేదు. తోటలు పోయాయి. ఇల్లు, అరుగు, ఇంటిపేరు మిగిలాయి. అమ్మ మారుమాట లేకుండా బొండాం మానేసింది. ఆవిడ బాధల్లా వచ్చినవాళ్ళ చేతిలో పెట్టడానికి ఏమీ లేదనే.

బావ ఆ సందు చూసే దూరాడు. అమ్మకు సొంత మేనల్లుడు, రామచంద్రపురంలో ఆరోగ్యపు పొడులు అమ్ముతాడు.

"పండ్లు తినొద్దన్నారు గదండీ అత్తయ్యా, ఇది పండు కాదు, పొడి. దీని ముందు బత్తాయి దేనికీ పనికిరాదు. కిడ్నీలు కడిగినట్టయిపోతాయండీ!"

"మందులతో పడుతుందంటావేంట్రా?" అంది అమ్మ.

"అమృతం పడకపోవడమేంటండీ!"

మా ఇంట్లో ఒక పద్ధతి ఉంది. బంధువు తెచ్చినదాన్ని అతని ఎదుటే విప్పాలి, తెచ్చినవాడూ ఇంటివాళ్ళూ కలిసి రుచి చూడాలి. వద్దనడం మా వంశంలో లేదు. అమ్మ పొడిని చల్లని నీళ్ళలో పంచదారతో కలిపి గ్లాసులు నింపింది. బావ మాత్రం ఆవేళ సోమవారం, ఒంటిపూట అన్నాడు. మరోసారి శనివారం అన్నాడు. భక్తికి ఎవరు అడ్డం చెబుతారు?

డాక్టరుగారిని అడుగుదామంటే అమ్మ కసిరింది. "మేనల్లుడు తెచ్చినదానికి డాక్టరు సంతకం కావాల్రా?"

తరువాత బావ ఊళ్ళోవాళ్ళను మా అరుగు మీదికి పోగెయ్యడం మొదలుపెట్టాడు. అమ్మ ముఖం వెలిగిపోయింది. వచ్చినవాళ్ళకు ఇవ్వడానికి మళ్ళీ ఏదో దొరికింది. తనూ వాళ్ళతో తాగేది. "అత్తయ్యగారే తాగుతున్నారు, ఇంకేం సాక్ష్యం కావాలండీ?" అనేవాడు బావ. మా ఇంటిపేరును తన డబ్బాకు అంటించుకున్నాడు.

ఒక ఉదయం అమ్మ మంచం మీంచి లేవబోయి కూలబడింది. కాళ్ళలో సత్తువ లేదు. కాకినాడ ఆసుపత్రిలో రక్తం పరీక్ష చేస్తే పొటాషియం హద్దు దాటింది. గుండె లయ తప్పుతోందన్నారు. అమ్మ తేరుకున్నాక డబ్బా తీసుకెళ్ళి డాక్టరుగారి ముందు పెట్టాను.

"ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకు మంచిదేనండీ. కానీ ఇందులో పొటాషియం బాగా ఉంటుంది. ఈవిడ కిడ్నీలు దాన్ని బయటికి పంపలేవు. పొడి చేసినంత మాత్రాన పండు పండు కాకుండా పోతుందేంటండీ?"

నా ఒళ్ళు మండిపోయింది.

అమ్మ ఇంటికొచ్చిన వారంలోనే బావ కొత్త డబ్బాతో దిగాడు. మెట్టు మీదే అడ్డంగా నిలబడ్డాను.

"ఇంటికొచ్చినవాణ్ణి గుమ్మంలో నిలబెడతావేంట్రా?" లోపలినుంచి అమ్మ.

"సరే, పద్ధతిగానే కానిద్దామమ్మా." లోపలికి రానిచ్చి, నేనే పొడి కలిపి గ్లాసు బావ ముందు పెట్టాను. "తాగు బావా. ఇవాళ గురువారం."

బావ గ్లాసు ముట్టుకోలేదు. "నాకు పడదురా. కడుపుబ్బరం."

అమ్మ ముందుకు వంగింది. "ఎప్పుడూ తాగలేదా నువ్వు?"

"అమ్మేవాడు తాగుతాడేంటండీ అత్తయ్యా!" అంటూ నవ్వబోయాడు.

అమ్మ నవ్వలేదు. డబ్బా మూత బిగించి అతని చేతిలో పెట్టింది. మా ఇంట్లోంచి బంధువు తెచ్చినది తిరిగి వెళ్ళడం అదే మొదలు.

"పట్టుకెళ్ళు నాన్నా. కలిసి తాగనిది ఈ ఇంట్లోకి రాదు. ఉండు, కాఫీ తాగి వెళుదువుగాని." నావైపు తిరిగింది. "రెండు గ్లాసులు తేరా. నువ్వూ వాడితో తాగు."

తెచ్చాను. నా గ్లాసు విసురుగా పెడితే సగం కింద ఒలికింది. పక్కన కూర్చున్నాను గాని, గ్లాసు నోటిదాకా ఎత్తలేదు. బావ మాత్రం చుక్క మిగల్చకుండా తాగాడు.