నీ ముందర ఎవరున్నారో చెప్పు

హెడ్డు సారు పోయారు. మొన్న పామిడి సంతలో వంకాయలు ఏరుకుంటుంటే కూరగాయలమ్మే ఆమె చెప్పింది. గుండెనొప్పట. ఏరిన వంకాయలు ఆమె గంపలోనే వదిలేసి ఇంటికి వచ్చేశాను. ఆయన నాకు చుట్టం కాదు, మా వీధి మనిషి కాదు. మా పోలీస్ స్టేషన్‌లో చాలా ఏళ్ళు హెడ్ కానిస్టేబుల్‌గా చేసి రిటైరైన మనిషి, అంతే. అయినా ఆ పూట నాకు పొయ్యి వెలిగించబుద్ధి కాలేదు.

సెల్‌ఫోన్లు ఇంకా మా ఊళ్ళకు రాని కాలం గురించి చెబుతున్నాను. రెండు పార్టీల కక్షలతో, ఖాకీ చొక్కా కనిపిస్తే తలుపులు మూసుకునేవాళ్ళం. ఈయన మాత్రం లాఠీని సైకిల్ కడ్డీకి కట్టుకుని ఒంటరిగా వచ్చేవారు. స్టేషన్‌కు ఎవరు వచ్చినా ముందు "నీళ్ళు తాగినావా?" అని అడిగేవారు. "గొంతెండినోడు జరిగింది చెప్పడమ్మా, కోపం చెప్తాడు" అనేవారు. అలాగని మెత్తని మనిషేం కాదు. నోరు మహా కరుకు. ఆయన నవ్వగా నేను చూసిన గుర్తు లేదు.

ఆయనెవరో నాకు నిజంగా తెలిసింది విత్తనాల పంపిణీ రోజున. వరుస కరువుల తర్వాత ఆ ఏడు ఒక మంచి వాన పడింది. నేల పదును మీద ఉంది, ఆరిపోయేలోగా విత్తాలి. విత్తనానికని దాచిన కాయలు ఎప్పుడో తిండికే అయిపోయాయి. సబ్సిడీ వేరుశనగ దొరకకపోతే మా ఆయన బెంగళూరుకు మట్టిపనికి పోవాలి. అప్పటికే మంచం మీద బట్టలు సర్దుకుంటున్నాడు. "రెండ్రోజులు ఆగు" అని చెప్పి, మార్కెట్ యార్డుకు నేనే పోయాను.

మా దగ్గర వరుసలో మనుషులకన్నా ముందు చెప్పులు నిలబడతాయి. ముందురోజు సాయంత్రమే చెప్పో, రాయో, ముడేసిన తువ్వాలో పెట్టి పక్కన కూర్చుంటాం. పగవాడి చెప్పునైనా ఎవరూ కదపరు. పొద్దున విత్తనాల లారీ వచ్చింది. "లారీకి దారి తీయండి" అన్నారు హెడ్డు సారు. వేరే జిల్లా నుంచి కొత్తగా వచ్చిన కానిస్టేబుళ్ళు చెప్పులన్నింటినీ లాఠీలతో నెట్టి గోడవార కుప్ప పోశారు.

టీ తాగడానికి పోయినవాళ్ళు వచ్చి ఆ కుప్ప చూశారు. నేను ముందంటే నేను ముందని చొక్కాలు పట్టుకున్నారు. అంతలో పార్టీల పేర్లు బయటికి వచ్చాయి. ఆ పేర్లు వచ్చాక మా వైపు ఏం జరుగుతుందో అందరికీ తెలుసు. ఎవరో విసిరిన రాయి హెడ్డు సారు కనుబొమ్మకు తగిలింది. పక్కనున్న కుర్ర ఎస్సై లాఠీ ఎత్తాడు.

"వద్దు సార్. ఈళ్ళను తరిమితే చేన్లు బీడు పడతాయి. నాకు కొంచేపు టైమీయండి" అని ఆయన లారీ ఎక్కారు. చెంప మీదికి నెత్తురు కారుతూనే ఉంది.

"దారి తీయమన్నోన్ని నేను. తప్పు నాది. తిట్టేదుంటే నన్ను తిట్టండి. ఇంగ ఎవరూ మీ తావు చెప్పొద్దండి. మీ ముందర ఎవరుండినారో అది చెప్పండి, చాలు."

మొదట ఒక ముసలాయన తనతో మాటల్లేని అవతలి పార్టీ మనిషిని చూపించి, "నా ముందర ఈయప్పే ఉండినాడు" అన్నాడు. అవతలి మనిషి వచ్చి ఆయన ముందు నిలబడ్డాడు. అట్లా ఒకరి తర్వాత ఒకరు వరుస మళ్ళీ కట్టుకుంది. నేను పచ్చచీర అక్కను చూపించాను, నన్ను వెనకాయన చూపించాడు. తన తావు కోసం అబద్ధమాడేవాళ్ళు కూడా ఇంకొకరి తావు దగ్గర ఆడలేకపోయారు.

గేటు పక్కన ఖాళీ సంచులతో ఒక మనిషి మిగిలిపోయాడు.

"నీ ముందర ఎవరప్పా?" అని హెడ్డు సారు అడిగారు.

"నువ్వుండావు గదన్నా అని నేను చెప్పు పెట్టలేదు" అన్నాడతను. హెడ్డు సారు సొంత తమ్ముడు. ఇద్దరిదీ ఒకే చేను.

"పోనీలే సార్, ముందు ఆయనకీయండి" అని జనమే అన్నారు. హెడ్డు సారు తమ్ముడి వైపు చూడలేదు. "కడాకు పోయి నిలబడు" అంటూ వరుస చివర చూపించారు.

నాకు విత్తనం దొరికింది. మా ఆయన సర్దిన బట్టలు మళ్ళీ దండెం మీదికి చేరాయి. స్టాకు మాత్రం చివరనున్న తమ్ముడి దాకా రాలేదు.

కొన్నాళ్ళకు బస్టాండులో వాళ్ళిద్దరినీ చూశాను. బెంగళూరు బస్సు కిటికీ పక్కన తమ్ముడు కూర్చుని ఉన్నాడు. కింద యూనిఫారంలో హెడ్డు సారు, కనుబొమ్మ మీద ఇంకా కట్టు. దగ్గరికి పోయి ఒక్క మాటైనా అనాలనుకున్నాను. సిగ్గుతో జనం వెనక్కి జరిగాను. ఆ సీటులో కూర్చోవలసింది నా మనిషి. హెడ్డు సారు నీళ్ళ సీసా కిటికీలోకి అందించబోయారు. తమ్ముడు ఆయన వైపు తిరగలేదు. బస్సు కదిలింది. సీసా అలాగే ఎత్తి పట్టుకుని, ఆయన బస్సు పక్కనే నడవడం మొదలుపెట్టారు.