గోడకి కట్టిన చీర

“ఆ సీర తీసెయ్యే. ఇది ఇల్లా, లారీ షెడ్డా?”

“తియ్యను. మేకు కొట్టలేదు, సున్నం గోకలేదు. ఇల్లుగలావిడకే లేని బాధ నీకేటి అమ్మమ్మా?”

“అద్దింటి గోడకి ముస్తాబేటే? రేపు కాళీ సేసినప్పుడు గోడని నెత్తినెట్టుకుని ఎల్తావా?”

“గోడెవులికి కావాలి? సీర మాయమ్మది.”

“మీయమ్మ నీకొక్కర్తికే పోనాదేటి?”

చివరి మాట అన్నది నేను. ఎదురుగా నిలబడింది నా మనవరాలు, అప్పుడు ఆరో తరగతి. పోయింది నా కూతురు.

ఆ మర్నాడు నేను చేసిన పని ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. ఇన్నేళ్ళూ తడిబట్ట భుజాన వేసుకు తిరుగుతున్నట్టుంది. ఆరదు. దించలేను. నువ్వెవరో నాకు తెలీదు. తెలీదు కాబట్టే చెప్తున్నాను. మూడో తరగతితో బడి మానేసినదాన్ని, మాట ముందూ వెనకా అయితే సర్దుకుని చదువుకో.

అప్పుడు సాలూరులో అద్దెకి ఉండేవాళ్ళం. ఒక గది, వంటకి చిన్న వసారా. అల్లుడు లారీ డ్రైవరు. పెళ్ళాం పోయాక ఇంటికి రావడం తగ్గించేశాడు. వచ్చినా లారీలోనే పడుకునేవాడు. మా గదిలో ఒక గోడ పక్కింటి నీళ్ళతొట్టిని ఆనుకుని ఉండేది. ఎప్పుడూ చెమ్మే. సున్నం పొక్కి, పెచ్చులు రాలి కంచంలో పడేవి. దాని మీద మా ముందరివాళ్ళ కిరసనాయిలు పొయ్యి మసి. మేకులు కొట్టకూడదు, రంగులు వెయ్యకూడదు అని ఇల్లుగలావిడ మేం దిగిన రోజునే చెప్పింది. సరేనన్నాను. గోడ నిలబడితే చాలు, నాకు అందమెందుకు?

పిల్లకి చాల్లేదు. కర్మలనాడు నా కూతురి బట్టలన్నీ చాకలికి ఇచ్చేశాననుకున్నాను గానీ, పిల్ల ఒక చీర దాచుకుంది. నీలం వాయిలు, మీద పసుప్పచ్చ పువ్వులు. కిటికీ ఊచ నించి తలుపు మీద వెంటిలేటరు ఊచ దాకా పురికొస లాగి కట్టి, ఆ చీరని గోడంతా కప్పేలా దాని మీద వేసింది. తండ్రి తెచ్చిచ్చిన లారీ కుచ్చులు, ఎరుపూ ఆకుపచ్చా, అంచు పొడుగునా పిన్నీసులతో గుచ్చింది. పురికొస ఇచ్చింది ఇల్లుగలావిడే. స్టూలెక్కి ముడి వేసింది కూడా ఆవిడే. మేకు లేనప్పుడు నాకేటి బాధ, నా గోడ కూడా సీర కట్టుకుంటాది అని నవ్వింది.

బాగుండేది. ఆ మాట అప్పుడు అనలేదు. ఫ్యాను తిరిగితే చీర మెల్లగా ఊగేది. పొయ్యి దగ్గర నించి తలెత్తితే, నా కూతురు అటు తిరిగి నిలబడినట్టుండేది.

బడి నించి రాగానే పిల్ల ఆ చీరకి వీపు ఆనించుకుని కూర్చునేది. టీచరు ఏమందో, ఎవరు గిల్లారో, అన్నీ దానికి చెప్పేది. నేను దగ్గరికెళ్తే నోరు మూసేది. వండిపెట్టేది నేను, జడ వేసేది నేను, రాత్రి జ్వరమొస్తే తడిగుడ్డ వేసేది నేను. కబుర్లు మాత్రం గోడకి.

తగవు పడ్డ మర్నాడు పిల్ల బడికి వెళ్ళాక, పాత బట్టలకి స్టీలు సామానిచ్చే ఆమె వీధిలోకొచ్చింది. నేను పిలిచాను. పిన్నీసులు ఒక్కొక్కటీ నా చేత్తోనే తీశాను. ఆమె చీరని ఎండకి ఎత్తి పట్టి చిరుగులేమన్నా ఉన్నాయా అని చూసింది. లేవు. నా కూతురు బట్ట జాగర్తగా కట్టేది. చిన్న గిన్నె ఇవ్వబోతే, ఇలాంటి వాయిలుకి ఇదేటి అని బేరమాడి పెద్దది తీసుకున్నాను. బేరమాడాను. ఆమె వెళ్ళాక పురికొస చుట్ట చుట్టి దాచాను, పనికొస్తుందని.

ఇంట్లో ఒక గిన్నె ఎక్కువవుతుందని చేశానని చాలాకాలం నాకు నేనే చెప్పుకున్నాను. నిజమేనా? ఆ చీరని రోజూ చూడలేక చేశానని తరవాత చెప్పుకున్నాను. అది కొంత నిజం. అసలుది వేరు. చనిపోయిన నా బిడ్డ మీద నాకు కుళ్ళొచ్చింది. బతికున్న నాకు దక్కనిది పోయినదానికి దక్కుతోందని. తల్లికి అలా వస్తుందా? వచ్చింది.

సాయంత్రం పిల్ల బోసి గోడ చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. నా నోట్లోంచి అబద్ధం ఎంత సులువుగా వచ్చిందో. గోడకి గాలాడక చెమ్మ పెరిగిపోతోందని ఇల్లుగలావిడే లాగి పారేసిందన్నాను. పిల్ల పుస్తకాల సంచీతోనే ఆవిడింటికి పరిగెత్తింది. వెనకాలే వెళ్ళాను.

“మాయమ్మ సీరేదండి? మీరే కట్టి, మీరే పారేసారా?”

ఇల్లుగలావిడ నాకేసి చూసింది. పొద్దున్న నేను బేరమాడింది ఆవిడ గేటు దగ్గరే. ఆవిడ ముగ్గేసుకుంటూ అంతా చూసింది.

“నానే పారేసానమ్మా,” అంది. “తప్పు నాదే.”

పిల్ల మళ్ళీ ఆవిడ గుమ్మం తొక్కలేదు. ఆవిడ లెక్కలు చెప్పేది, పెరట్లో పూసిన కనకాంబరాలు దీనికోసం ఉంచేది. అన్నీ ఆగిపోయాయి. ఒకసారి కుళాయి దగ్గర ఆవిడ నాతో మెల్లగా అంది. “ఆ గుంటకి నువ్వొక్కర్తివే మిగిలినావు. నన్నే తిట్టుకోనీ.”

దండం పెట్టలేదు. బిందె నిండింది, ఎత్తుకుని వచ్చేశాను. ఆవిడ ఇప్పుడు లేదు.

పిల్ల ఇప్పుడు విజయనగరంలో నర్సింగు చదువుతోంది. మొన్న ఫోనులో, హాస్టలు గోడ బాగోలేదని తాడు కట్టి చున్నీ వేసుకున్నానంది. ఇక్కడ లాగి పారేసీ మనిషి లేదులే అమ్మమ్మా అని నవ్వింది. ఊఁ అన్నాను. చెప్పాల్సింది అప్పుడే. ఎందుకు చెప్పలేదు? నాకూ అదొక్కతే మిగిలింది కాబట్టి. రేపైనా చెప్తానో లేదో మాటివ్వలేను. నీకు చెప్పాను. బట్ట ఆరలేదు గానీ, భుజం మీంచి కాస్త దిగింది.

ఇంకొక్కటి ఉంది, చీర ఇచ్చేసిన మర్నాటి పొద్దుట సంగతి. చద్దన్నంలో మజ్జిగ పోసి, ఉల్లిపాయ ముక్క పెట్టి, ఆ కొత్త గిన్నెలోనే పిల్లకి ఇచ్చాను. గోడకేసి తిరిగి కూర్చుని అంతా తింది. గిన్నె కడిగి, బోర్లించి, బడికి వెళ్ళిపోయింది.