పోపుల డబ్బాలో మాత్రలు

మా ఇంట్లో క్యాలెండరు మీద ఏదీ రాసుకునే అలవాటు ఉండేది కాదు. నేనే క్యాలెండరుని. గ్యాసు ఎప్పుడు బుక్ చేశామో, మామగారి తిథి ఎప్పుడో, పెనుగొండ బజారులో మా కొట్టుకి ఎదురింటివాళ్ల అమ్మాయి సీమంతం ఏ రోజో, ఎవరడిగినా వంటింట్లోంచే చెప్పేదాన్ని. మా ఆయన ఎప్పుడైనా "ఓ కాగితం మీద పెట్టుకోరాదూ" అంటే, "నాకు గుర్తుంది" అనేదాన్ని. ఆ మాట అనే తీరుకి ఎదుటివాళ్లు ఇంకో ప్రశ్న వేసేవారు కారు. అది నా జ్ఞాపకశక్తి మీద గౌరవమని అనుకునేదాన్ని.

మా అత్తగారికి డెబ్భై ఎనిమిదేళ్లు. రోజూ ఉదయం టిఫినుకి ముందు షుగరు మాత్ర ఒకటి వేసుకోవాలి. ఇచ్చేది నేనే. కిందటేడు శ్రావణంలో తణుకులో బంధువుల గృహప్రవేశానికి బయల్దేరే హడావిడి. ఓ పక్క పాలు పొంగుతున్నాయి, ఓ పక్క మా ఆయన కొట్టు తాళాల కోసం ఇల్లంతా తిరగేస్తున్నారు. ఆవిడకి మాత్ర ఇచ్చాను, ఇడ్లీ పెట్టాను. పట్టుచీర కట్టుకొచ్చేసరికి ఆ సంగతి నా బుర్రలో లేనే లేదు. ఇంకో మాత్ర తీసి, "అత్తయ్యగారూ, బిళ్ళ వేసుకోండి" అన్నాను. ఆవిడ నా మొహంకేసి ఓసారి చూసి, తీసుకుని మింగేశారు.

గంట తర్వాత కారెక్కబోతుంటే ఆవిడకి ముచ్చెమటలు పోశాయి. చేతులు వణికాయి. మాట ముద్దముద్దగా వచ్చింది. నన్ను పట్టుకుని "ఎవరూ?" అన్నారు. మా ఆయన పంచదార నీళ్లు కలిపి తెచ్చి చెంచాతో పట్టారు. అదే కారులో ఆసుపత్రికి పరిగెత్తాం. గ్లూకోజు ఎక్కిస్తూ డాక్టరుగారు అడిగారు, "పొద్దున్న షుగరు టాబ్లెట్ ఎన్నిసార్లు ఇచ్చారమ్మా?"

"ఒక్కసారేనండి. నాకు గుర్తుంది" అన్నాను.

ఆయన చేయి చాపితే సంచిలోంచి మాత్రల అట్ట తీసిచ్చాను. ముందురోజు సాయంత్రం తెప్పించిన కొత్త అట్ట. అందులో రెండు ఖాళీలు. అక్కడే నిలబడి ఏడ్చేశాను.

చాలాసేపటికి అత్తగారు కళ్లు తెరిచి, "ముహూర్తం దాటిపోయిందేమోనే అమ్మాయ్" అన్నారు. పోయిన ప్రాణం తిరిగొచ్చింది నాకు.

ఆ ఆదివారం అటక మీంచి పాత స్టీలు పోపుల డబ్బా దింపాను. చుట్టూ ఆరు గిన్నెలు, మధ్యలో ఒకటి. వారానికి సరిగ్గా సరిపోయాయి. శుభ్రంగా తోమి ఎండబెట్టి, గిన్నెలకి వారాల పేర్లు అంటించాను. అట్టని కత్తెరతో ముక్కలు చేసి రోజుకొకటి వేశాను. మాత్ర ఇస్తే ఆ రోజు గిన్నె ఖాళీ, అంతే. "ఇంగువ వాసనొస్తోందే" అని అత్తగారు ముక్కు చిట్లించారు గానీ, పక్కన కూర్చుని తనూ సాయం పట్టారు. అంతటితో ఆగకుండా గ్యాసు, కరెంటు బిల్లు, తిథులు, పేరంటాలు అన్నీ క్యాలెండరు మీదకి ఎక్కించాను. రాస్తూ ఉంటే నెత్తిమీది బిందె దింపుకున్నంత సుఖంగా ఉంది. ఇన్నాళ్లూ ఎవరు మొయ్యమన్నారు నన్ను?

తర్వాత ఓ ఆదివారం ఇద్దరం గిన్నెలు నింపుతుంటే, మనసులో ఉన్నది అడిగేశాను. "ఆ రోజు రెండోసారి ఇచ్చినప్పుడు, ముందు వేసుకున్నది మీకూ గుర్తు రాలేదా అత్తయ్యగారూ?"

"గుర్తు లేకపోవడమేంటే? వేసుకుని ఎంతసేపైందనీ!"

"మరి చెప్పొచ్చు కదండీ!"

"చెబితే నువ్వొప్పుకుంటావా? 'నాకు గుర్తుంది' అంటావు. నీతో వాదించడం కంటే మింగేయడమే తేలికనిపించింది."

కోపంతో అనలేదు. కూరలో ఉప్పు తగ్గిందన్నంత మామూలుగా అన్నారు. అక్కడే కూర్చున్న మా ఆయన పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నారు. నాకు సిగ్గేసింది. ఈ ఇంట్లో ఇన్నేళ్లూ నా మాటకి ఎదురు లేదని మురిసిపోయాను. ఆవిడ ప్రాణం మీదకి తెచ్చింది నా మతిమరుపు కాదు, నా నోరు.

మొన్న గురువారం మంచినీళ్ల గ్లాసు పట్టుకెళ్లి, "బిళ్ళ వేసుకోండి అత్తయ్యగారూ" అన్నాను.

"వేసుకున్నాను."

"ఎప్పుడండీ? ఇంకా లేదు, నాకు..."

ఆవిడ డబ్బా మూత తీసి, గురువారం గిన్నె నా ముందు బోర్లించారు. ఏమీ రాలలేదు. "వేసుకున్నానంటే వేసుకున్నానే!" అని గదమాయించారు. ఇన్నేళ్లలో ఆవిడ నా మీద గొంతు పెంచడం అదే మొదటిసారి. ఎంత హాయిగా ఉందో చెప్పలేను. ఆ గ్లాసులో నీళ్లు నేనే తాగేశాను.